వీధి యరుగు, ఆంగ్లసీమ సత్రము

ఒక దేశపు ప్రజలు క్రొత్తవారియెడ నెట్లు వర్తించిరో తెలిసికొనుటకు వారి యిండ్లు చక్కని సాక్ష్యము నిచ్చును. "రండు, కూర్చుండుడు" అని నోటితో నెవ్వరైనను అనవచ్చును. కూర్చుండుటకు చోటు కట్టించిరా లేదా యను సంగతిని మాత్రము రాయియు, కఱ్ఱయు, సున్నమును చెప్పవలెను. ఈ వ్యాసమున మేము అత్తిలి చుట్టుపట్ల డెల్టా గ్రామములందలి పాత పెంకుటిండ్లను, వాని వీధి యరుగులను వర్ణించి, వానితో ఆంగ్లదేశమందలి యొక పల్లెటూరి సత్రమును పోల్చి, అవి యెట్లు కట్టబడినవో, ఎవరి కొఱకు కట్టబడినవో విద్యార్థులకు తెలుప దలచితిమి.

ఆంగ్లసీమ పల్లెలలో దేవాలయమునకు దాపున నొక "పబ్లిక్ హౌసు" ఉండుట వాడుక. ఆ పేరునే కుదించి "పబ్బు" అందురు. ప్రజల యిల్లని దాని యర్థము. పూర్వ మిట్టి యిండ్లు అచ్చట మూడు తెఱగులుగా నుండెడివి. బార్లీ మొలకలనుండి తీసిన "ఏలు" అను పానీయమును అమ్మునది ఏల్ హౌసు. ద్రాక్షారసము నమ్మునది టావెర్ను. బాటసారికి భోజనమును, పడకయు, అతని గుఱ్ఱమునకు గడ్డియు, కట్టుకొయ్యయు నిచ్చునది "ఇన్ను". ఈ మూడవదానినే మేమిచ్చట సత్రమని తెనిగించుచున్నాము. మన సీమలో పానీయ మమ్ము చోటు కల్లుపాక. నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పినచో దాని నిర్మాణము ముగిసినది. కల్లువలన కాపురములు చెడుటను మన పల్లెలు చాలినంత చూచినవి గావున దానిని గూర్చి యింతకంటె వ్రాయము. బాటసారిని చేర్చుకొనెడి పని మన సీమలో వేఱు రెండు కట్టడములపై బడినది. పట్టణములందును, పుణ్యక్షేత్రములందును అది సత్రము. పల్లెలలో అది గృహస్థుని వీధి యరుగు.

నేలయు, పునాదియు.— మన డెల్టా నేల నది తెచ్చిన ఒండ్రు. వానకాలమున నది నీరు పీల్చి ఉబ్బును. వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టవలన ఈ నేలకు కాలువలు వచ్చినవి. ఆర్థరు కాటను దొర త్రవ్వించిన యా కాలువలు పొలములను తడుపుటయే గాక పడవల రాకపోకలకును ఉపకరించెను. వరి పెరిగెను, రైతు చేతిలో రూకలు నిలిచెను, పూరియిండ్లు నిలిచిన చోట్ల పెంకుటిండ్లు లేచెను. నేడు మనము చూచు మండువా లోగిళ్లలో పెక్కింటికి ఆ వరిపంటయే మూలధనము. అయితే నీటితో వచ్చిన సంపదకు నీటి భయము తప్పదు. 1986 ఆగస్టునందు గోదావరికి వచ్చిన పెనువరదను మన పెద్దలు నేటికిని మఱువలేదు. కావుననే పాతకాలపు మేస్త్రీలు ఇంటిని వీధికంటె రెండు మూడు అడుగుల యెత్తున లేపిరి. నాలుగైదు మెట్లెక్కినగాని గడప దొరకదు. ఆ యెత్తు పునాదికి ముందువైపున మిగిలిన భాగమే అరుగు.

అరుగు.— సింహద్వారమునకు కుడియెడమల, వీధి పొడుగున నుండు ఎత్తైన తిన్నెలను అరుగు లందురు. మనిషి కాళ్లు వ్రేలాడవేసికొని కూర్చుండుట కనువైన యెత్తు, ఒకడు కాళ్లు చాచి పండుకొనుటకు చాలినంత వెడల్పు. ఈ రెండే దాని కొలతలకు ఆధారము. పైన ఇంటి చూరు ముందునకు సాగి, కఱ్ఱ స్తంభములపై నిలిచి, ఎండను, వానను ఆపును. అడుగున సున్నపు గచ్చు నున్నగా మెఱుగుపెట్టబడియుండును. నడువేసవి మధ్యాహ్నమునను అది యొడలికి చల్లగా తగులును. కొన్ని యిండ్లలో గోడ చేరువను గచ్చును తలగడవలె కొంచె మెత్తుచేసి పెట్టుదురు. ఎవరి తలకొఱకు? ఇంటివాడు లోపల మంచముపై పరుండును గదా! ఆ తలగడ దారినిపోవు వానికొఱకే. ప్రక్క గోడలో దీపపుగూడు, మూలను మంచినీటి కుండ యుండెడివి. ఇట్లు ఇంటివాడు తన సొంత స్థలములో కొంత భాగమును గోడలేకుండ, తలుపులేకుండ వీధికి విడిచెను.

ఆ విడిచిన చోట గ్రామజీవనమంతయు సాగెను. పంచాయతీ తగవులు, పొలము బేరములు, పురాణ కాలక్షేపములు అరుగుమీదనే జరిగెడివి. చదువు సైత మచ్చటనే పుట్టినది. పూర్వము వీధిబడి పంతులు పిల్లలను అరుగుమీద కూర్చుండబెట్టి, ఇసుకలో అక్షరములు దిద్దించెడివాడు. చెన్నపట్టణపు రాజధానిలో ఇంగ్లీషు అధికారులు ఈ బడులను "పయాల్ స్కూళ్లు" అని తమ నివేదికలలో వ్రాసిరి. పయాల్ అనగా అరుగే. ఆ మాట పోర్చుగీసువారినుండి వచ్చినది. కావున మన పాఠశాలలకు పెద్దతల్లి అరుగని చెప్పుట అతిశయోక్తి గాదు.

మండువా.— సింహద్వారము దాటి లోనికి పోయినచో చావడియు, దానివెనుక మండువాయు కనబడును. ఇంటి నడుమ నాలుగు పలకలుగా కప్పు విడిచి, ఆకాశమునకు తెఱచియుంచిన స్థలమే మండువా. నాలుగువైపుల కప్పులును దానివైపునకు వాలియుండుటచే వాననీరు నాలుగు చూరుల వెంబడి నడుమ పల్లమున బడి, తూముగుండ పెరటిలోనికి పోవును. చుట్టును వసారాలు, వసారాల వెనుక గదులు. వీధివైపు కిటికీలు చిన్నవైనను ప్రతి గదికిని మండువా వైపునుండి వెలుతురు వచ్చును. లోపల వేడెక్కిన గాలి తేలికయై పై తెఱపిగుండ వెడలిపోగా, దాని స్థానమునకు పెరటి చెట్లనీడనుండి చల్లనిగాలి వచ్చి చేరును. విసనకఱ్ఱకు పనిలేకుండ ఇల్లే విసరుకొనును. ధాన్యము దంచుట, అప్పడములు, వడియములు ఎండబెట్టుట, పెండ్లికి పందిరి వేయుట మొదలగున వన్నియు ఇచ్చటనే.

ఈ పద్ధతి మన యొక్కరిదే గాదు. కేరళమున నాలుకెట్టు, చెట్టినాటి మేడలలోని నడిముంగిలి, ప్రాచీన రోమకుల యిండ్లలో నేట్రియము అనబడు ముంగిలి, అన్నియు నీ జాతివే. రోమకులు నడుమ పడిన వాననీటిని తొట్టిలో నిలువచేసికొనిరి. నీరు మిక్కుటమైన డెల్టాలో మనవారు దానిని బయటికి పంపిరి. ఒకే యాలోచన నేలనుబట్టి రెండు విధములుగా మాఱినది.

కప్పును, పెంకును.— తొలుత ఈ యిండ్లకు కుమ్మరి చేసిన గూనపెంకులు కప్పెడివారు. కుమ్మరి సారెమీద గొట్టమువలె మట్టిని త్రిప్పి, పచ్చిగా నున్నప్పుడే నిలువున రెండుగా చీల్చి, కాల్చును. అవి పొరలు పొరలుగా కప్పుటచే నిల్లు చల్లగా నుండును గాని, గాలికి, కోతులకు కదలిపోవును. ఏటేట వానలకు ముందు సర్దించుకొనవలెను. తరువాత వచ్చినవి మంగుళూరు పెంకులు. వీనికథ మిషను పాఠశాల విద్యార్థులు తెలిసికొనదగినది. బాసెలు మిషనుకు చెందిన జార్జి ప్లెబ్స్టు అను జర్మను మిషనరీ 1865లో మంగుళూరునొద్ద నేత్రావతీ తీరమున పెంకుల కార్ఖానాను స్థాపించెను. క్రైస్తవమతమును స్వీకరించి కులమువారిచే వెలివేయబడి, వృత్తి పోగొట్టుకొన్నవారికి కూడు గుడ్డ చూపుటకై యా మిషను నేత, పెంకుల పరిశ్రమలను నడపెను. ఆ పెంకునకు అంచులందు గాడియు, గట్టును ఉండుటచే నొకటి రెండవదానిలో బిగిసి కూర్చుండును. అట్టి పెంకును 1841లో ఫ్రాన్సు దేశపు ఆల్సేసు సీమలో జిలార్డోని సోదరులు కనిపెట్టిరి. తక్కువ పెంకులతో ఎక్కువ చోటు కప్పబడెను. కప్పు బరువు తగ్గెను. నీరు కాఱుట తగ్గెను. వెలివేయబడినవారి చేతులు చేసిన యిట్టి పెంకు భారతదేశమం దనేక సీమలలో వెలివేసినవారి యిండ్లకు నీడ యయ్యెను.

కప్పు ఆకారమందును ఆలోచన కలదు. మన తీరమునకు తుపానులు తప్పవు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచినదియు, 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను కూల్చినదియు మన యెఱిగినవే. నాలుగువైపుల వాలుగల కప్పుమీద గాలి జారిపోవును; రెండు వాలుల కప్పునకు కొనలందుండు నిలువు గోడవలె నది గాలికి ఎదురొడ్డదు.

కలపయు, సున్నమును.— స్తంభములకు, ద్వారబంధములకు టేకు వాడిరి. గోదావరి ఎగువ మన్యములలో నఱికిన కలపను తెప్పలుగా కట్టి నదిమీద రాజమహేంద్రవరమునకు దింపెడివారు. కలిగినవారు బర్మా టేకును ఓడలమీద తెప్పించుకొనిరి. మనవారు రంగము అని పిలిచిన రంగూనునకు పొట్టచేతబట్టుకొని కూలికిపోయిన తెలుగువా రెందఱో. వాసములకు, దూలములకు మన గట్లమీది తాటిచెట్టే చాలును. ముదిరిన తాటిచేవ చెదలకు లొంగదు. సున్నమును నత్తగుల్లలు కాల్చి తీసిన గుల్లసున్నముగా తెచ్చి, ఇసుక చేర్చి, ఎద్దుల గానుగలో నూఱెడివారు. అట్లు నూఱిన సున్నము మెల్లగా బిగిసి, తేమను లోన బంధింపక, గోడను ఊపిరి పీల్చనిచ్చును. సింహద్వారముపై వడ్రంగి చెక్కిన లతలు, చిలుకలు, పూర్ణకుంభములు ఇంటియజమాని సంపదను వీధికి చాటెడివి.

నార్టన్ సెయింట్ ఫిలిప్ గ్రామపు సత్రము.— ఇక ఆంగ్లసీమకు పోదము. సోమర్సెట్ మండలమున, బాత్ పట్టణమునకు దక్షిణమున, నార్టన్ సెయింట్ ఫిలిప్ అను చిన్న గ్రామము కలదు. అందలి "జార్జి" అను సత్రము ఆ దేశపు పురాతన సత్రములలో పేరెన్నిక గన్నది. దానిని కట్టించినవారు సమీపమందలి హింటన్ మఠమునకు చెందిన కార్తూసియను సన్యాసులు. కాలము పదునాలుగు, పదునైదవ శతాబ్దములు. గ్రామమున ఉన్ని సంతలు జరిగెడివి. సంతకు వచ్చు వర్తకులకు బసయు, వారి యున్నికి నిలువచోటును కావలసివచ్చెను. క్రైస్తవ మఠములందు అతిథిసేవ పురాతన ధర్మము. ఆఱవ శతాబ్దపు బెనెడిక్టు భక్తుని నియమావళియే వచ్చిన యతిథియందు క్రీస్తును చూడవలెనని సన్యాసులకు విధించినది. వ్యాపారమును, ధర్మమును ఒక్క కప్పు క్రింద చేరిన కట్టడ మది.

దాని క్రింది యంతస్తు రాతికట్టు. పై రెండంతస్తులు కఱ్ఱ చట్రము. ఆ సీమ పాత కఱ్ఱ యిండ్లలో గట్టి ఓకు మ్రానుల దూలములను నిలువుగా, అడ్డముగా, ఏటవాలుగా కూర్చి, కఱ్ఱ సీలలతో బిగించి, నడుమ సందులను తడికలల్లి, మట్టియు సున్నమును మెత్తి పూడ్చెడివారు. మన పల్లెలలో తడికగోడకు మట్టి మెత్తుట చూచినవారికి ఇది క్రొత్తగాదు. ఈ సత్రమున ఒక్కొక్క యంతస్తు తన క్రిందిదానికంటె వీధివైపునకు కొంత ముందునకు సాగియున్నది. దానివలన పైగదులకు చోటు పెరుగును. క్రిందిగోడకు వాన తగులదు. మన చూరు చేయు పని నక్కడ అంతస్తే చేయును. లోపల వెనుకవైపున ముంగిలియు, దానివైపునకు తెఱచిన కఱ్ఱ వసారాయు నున్నవి. సామ్యుయల్ పెపిస్ అను ప్రసిద్ధ దినచర్యాకారుడు 1668లో ఇచ్చట భోజనము చేసెను. 1685లో రాజుపై తిరుగబడిన మన్మతు ప్రభువు తన సేనతో నీ గ్రామమున విడిసినప్పు డిచ్చటనే బసచేసెను. ఎనిమిదవ హెన్రీ రాజు మఠములను రద్దుచేసినప్పుడు, అనగా 1539లో, హింటన్ మఠము మూతపడెను. సత్రము మాత్రము నిలిచెను.

చదువురాని బాటసారులకై ఆంగ్ల సత్రములు బొమ్మపలకలను వ్రేలాడదీసెడివి. లండను నగరమున 1393లో రెండవ రిచర్డు కాలపు శాసనము పానీయ మమ్మువా రట్టి గుఱుతు నుంచవలెనని నిర్బంధించెను. మన యరుగునకు పలక యక్కఱలేదు. అది తానే గుఱుతు.

పోలిక.— ఈ రెండు కట్టడములను ప్రక్కప్రక్కను పెట్టి చూడుడు. చలిదేశపు సత్రమునకు నడిబొడ్డు పొయ్యి. రాతితో కట్టిన పెద్ద పొగగూటి చుట్టును బల్లలు వేసి జనులు చేరుదురు. వేడిదేశపు లోగిలికి నడిబొడ్డు ఆకాశము. అచ్చట అతిథిని తలుపు తీసి లోనికి చేర్చి, మరల తలుపు వేయుదురు. లేనిచో చలికి చచ్చును. ఇచ్చట అతిథిని తలుపు వెలుపలనే గాలిలో నుంచి గౌరవింపవచ్చును. కావున సత్రము లోపలి గదులచేతను, అరుగు వెలుపలి తిన్నెచేతను అతిథిధర్మమును నెఱవేర్చినవి. సత్రమున వెల చెల్లింపవలెను, అరుగునకు వెలలేదు.

ఎవరికి చోటు?— ఇంతవఱకు మెచ్చుకొంటిమి. ఇక మెచ్చుకొనరాని సంగతి చెప్పవలెను. చెప్పనిచో ఈ వ్యాసము సగమే యగును. అరుగు అందఱికిని గాదు. తెల్లవాఱక ముందే అదే పొలములో నాట్లు వేసి, అదే ధాన్యమును మోసి, అదే యింటికి మట్టి త్రొక్కిన మాల మాదిగ కుటుంబములవారు ఆ యరుగుపై కూర్చుండరాదు. వీధిలో నిలిచి, దూరమునుండి మాటాడవలసినవారు. మన పాఠశాల చదువరులలో పెక్కుమంది తాతముత్తాతల కథ యిదియే. అరుగునకు తలుపు లేదని పైని వ్రాసితిమి. కంటికి కనబడని తలుపు దానికి కలదు; దాని గడియ యజమాని మనస్సున నుండెను. మిషను పాఠశాలల బల్లలమీద అన్ని కులముల బిడ్డలును కలిసి కూర్చుండుటకు సైతము అనేకచోట్ల పెనగులాడవలసివచ్చెను.

ఆంగ్ల సత్రమును నిర్దోషి గాదు. పందొమ్మిదవ శతాబ్దమున పబ్బుల లోపల కఱ్ఱ, అద్దపు అడ్డుగోడలు వెలసి, కూలివానికొక గదియు, దొరకొక గదియు నేర్పడెను. అయినను ఇన్నునకు వారి ధర్మశాస్త్రమం దొక కట్టు కలదు: చోటుండి, బాటసారి వెల చెల్లింప సిద్ధముగా నుండగా, తగిన కారణము లేక యజమాని యతనిని త్రోసివేయరాదు. 1943లో వెస్టిండీసు క్రికెట్టు వీరుడు లియరీ కాన్‌స్టంటైనును నల్లవాడను కారణమున లండనులో నొక హోటలువారు నిరాకరింపగా, ఆయన దావా వేసి 1944లో గెలిచెను. నష్టపరిహారము అయిదు గినీలు మాత్రమే. కాని గెలిచినది హక్కు.

మన దేశమున 1950లో రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసి, హోటళ్లు, బావులు, చెఱువులు అందఱివని ప్రకటించెను. 1955లో వచ్చిన చట్టము ధర్మశాల, సరాయి, ముసాఫరుఖానా అను మాటలను పేరుపేరున వ్రాసి, అచ్చట నెవ్వరినైనను అంటరానివారని యడ్డగించుట నేరమనెను. అరుగు దయచే తెఱువబడినది. దయ యెవరిమీద కలిగిన వారికే తెఱువబడును. హక్కు అట్లుగాదు. లంకలగన్నవరమున డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఆకలిగొని వచ్చిన బాటసారులకు వేళ చూడక అన్నము పెట్టి "అపర అన్నపూర్ణ" యని కీర్తి గాంచిరి. అట్టి దయామయులు నూఱేండ్ల కొక్కరు. 2024లో ప్రభుత్వము బడి మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టుట తగియున్నది. ఏలయన ఒక పుణ్యవతి దయగా పెట్టిన యన్నము నేడు బిడ్డలకు హక్కుగా అందుచున్నది.

నేటి స్థితి.— ఆంగ్లదేశమున 1947నాటి చట్టమునుండి పురాతన గృహముల పట్టికలు వ్రాయబడుచున్నవి. నార్టన్ సత్రము వానిలో మొదటి తరగతిది. 2011నాటి మఱియొక చట్టమువలన, తమ పల్లెలోని పబ్బును సమాజమునకు విలువగల యాస్తిగా గ్రామస్థులు నమోదు చేయించినచో, అది యమ్మకమునకు వచ్చినప్పుడు తామే కొనుటకు ధనము కూర్చుకొను గడువు వారికి దొరకును. మన మండువా లోగిళ్లకు అట్టి యండ లేదు. అన్నదమ్ముల పంపకములలో మండువా నడుమ గోడ లేచును. చెక్కిన స్తంభములును, సింహద్వారములును పట్టణములకు తరలిపోవును. వీధి వెడల్పుచేయునపుడు ముందుగా పోవునది అరుగే. దాని స్థానమున ఇనుపగేటును, ప్రహరీగోడయు వచ్చును. వానిపై కూర్చుండుట యెవ్వరికిని సాధ్యముగాదు. అందఱినీ సమానముగా బయటనుంచుట సమానత్వమని మేమనుకొనము.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ వీధిలో మిగిలియున్న యరుగు నొకదానిని కొలత టేపుతో కొలిచి, కాగితముపై గీయుడు. పొడవు, వెడల్పు, ఎత్తు, స్తంభముల సంఖ్య, పెంకు ఎట్టిది, కలప ఎట్టిది, ఏ సంవత్సరమున కట్టిరి అని యింటివారి నడిగి వ్రాయుడు. తరువాత మీ యవ్వను, తాతను ఇంకొక ప్రశ్న యడుగుడు: "ఆ యరుగుమీద నీవు కూర్చుంటివా?" ఆ జవాబునుగూడ కొలతల క్రిందనే వ్రాయుడు. రేపు మీలో నెవ్వరైనను ఇల్లు కట్టినపుడు వీధివైపున ఒక తిన్నెడు చోటు విడువుడు. దానికి కనబడు తలుపును వద్దు, కనబడని గడియయు వద్దు.